ఖాలమ్మ మేక పేరు

బాబును పిల్లల డాక్టరుకు చూపించి ఆటోలో తిరిగి వస్తుంటే మెదక్ రోడ్డు మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. అప్పుడే వాన వెలిసింది. తడిసిన వెంట్రుకలు, నమిలిన ఆకు, పెంటికలు అన్నీ కలిసిన ఘాటు వాసన ఆటోలోకి కమ్ముకోగానే మా అత్తమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో బాబు ముఖం మీద గుడ్డ కప్పింది. అలసిపోయి వెనక్కి వాలి ఉన్న నేను మాత్రం లేచి కూర్చుని ఆ వాసన గుండె నిండా పీల్చుకున్నాను. చిన్నప్పుడు నా పేరుకు ఆ వాసనే ఉండేది.

ఇప్పుడు బాబు పడుకున్నాడు. ఎంతసేపు పడుకుంటాడో తెలియదు. పుట్టిన వారానికే కామెర్లని లైట్ల కింద పెట్టారు, తర్వాత బరువు పెరగడం లేదన్నారు. అందుకని ఇరవై ఒకటో రోజున చేయాల్సిన పేరు పెట్టే పండుగ వాయిదా పడుతూ వచ్చి ఈ ఆదివారానికి ఆగింది. నాలుగు వాక్యాలు రాసి లేచి, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగిలిందాకా నిలబడి, మళ్లీ వచ్చి రాస్తున్నాను. పంతులు చెప్పిన అక్షరంతో ఫోన్లో పేర్లు వెతుకుతూ వెతుకుతూ మా ఆయన నిద్రపోయాడు. నాకైతే పేరు దొరికింది. అది ఆయనకు నచ్చలేదు. నాకు అదే ఎందుకు కావాలో ఆయనకు చెప్పలేదు. చెప్పాలంటే ఖాలమ్మ మేక దగ్గర మొదలుపెట్టాలి.

మా గల్లీలో పిల్లలకూ జంతువులకూ పేర్లు వేరుగా ఉండేవి కావు. పాలాయన బర్రె రాణి, పాలాయన చిన్న బిడ్డ కూడా రాణే. సున్నం బండి లాగే ఎద్దు రాజు అయితే, దాని తోక పట్టుకుని బండి వెనుక వేలాడే పిల్లలందరిలో సగం మంది రాజులే. కాంపౌండరు గారి రెండో అబ్బాయి పేరు టామీ. ఆ పేరుకు పలికే కుక్కలు మా వీధి చివర ఎప్పుడూ రెండు మూడు ఉండేవి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ, పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుతుంటే తల్లులు గడపల్లోకి వచ్చి పిలిచేవాళ్లు. అప్పుడు ఎవరికి ఆకలైతే వాళ్లు వచ్చేవాళ్లు, రెండు కాళ్లవైనా నాలుగు కాళ్లవైనా. అసలు పేర్లు బడికెళ్లి హాజరు పలికేటప్పుడే గుర్తొచ్చేవి.

వాళ్లందరికీ ఆ పేర్లు ముద్దుకొద్దీ వచ్చాయి. నాకు మాత్రం కావాలని పెట్టారు.

నాకంటే ముందు మా అమ్మకు పుట్టిన ఇద్దరు పిల్లలు పేరు పెట్టకముందే పోయారట. నేను పుట్టినప్పుడు మా బాపమ్మ, అంటే బాపు వాళ్ల అమ్మ, బాలింత ఇంటి గుమ్మంలోనే కూర్చుని, పొగాకు నములుతూ, లోపలికి వచ్చేవాళ్లను కాళ్లు కడుక్కోమని గద్దిస్తూ రోజులు గడిపిందట. గోడ అవతలి ఇల్లు ఖాలమ్మది. ఆమె భర్త దర్జీ. వాళ్ల అరుగు మీద కుట్టుమిషను, దాని పక్కనే గుంజకు కట్టిన మేక. నేను పుట్టిన వారంలోనే ఆ మేక ఒక ఆడపిల్లను ఈనింది. బాపమ్మ వెళ్లి అడిగింది.

"ఏం పేరు వెట్టినవే దానికి?"

"మున్నీ, అమ్మా."

"అయితె నా మన్మరాలికి గూడ గదే."

ఖాలమ్మ నవ్విందట. "అయ్యో, పువ్వసుంటి పిల్లకు మేక పేరేంది అమ్మా?"

"నీకు దెల్వది. గా పేరు మీద ఎవలన్న దేవులాడుకుంట వస్తె, మేకను జూసి మర్లవోతరు."

ఎవరు వస్తారో బాపమ్మ చెప్పలేదు. ఖాలమ్మ అడగలేదు. పేరు పెట్టిన రోజు బాపమ్మ ముందు అరుగు దగ్గరికి వెళ్లి ఆ మేకపిల్ల చెవిలో పేరు చెప్పి, ఆ తర్వాతే ఇంట్లోకి వచ్చి నా చెవిలో చెప్పిందట. అమ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, మేకపిల్ల చెవిలో చెప్పినప్పుడు అది బాపమ్మ చెవి పోగు నోట్లో పెట్టుకుందని చెప్పే చోట నవ్వేది.

అలా మేమిద్దరం ఒకే పేరుతో పెరిగాం. అది నాకంటే తొందరగా పెరిగి, ఈని, నాకు పాలిచ్చింది. సైకిలు చక్రంలో ఇరుక్కుని దాని ఎడమ చెవి చీలిపోయింది. ఆ చీలికలో వేలు పెట్టి ఆడుకోవడం నాకు అలవాటు. రంజాన్‌కు ఖాలమ్మ పంపిన సేమ్యాల పాయసం నేను తాగి గిన్నె అరుగు మీద పెడితే అది నాకేది. బతుకమ్మ రోజుల్లో మేం గునుగు పువ్వుకు రంగులద్ది ఆరబెడితే, దొంగతనంగా వచ్చి తిని, మూతి ఒక పక్క ఎర్రగా ఒక పక్క నీలంగా చేసుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడేది. సద్దుల నాడు అమ్మ చేసిన మలీద ముద్దలో మొదటి భాగం దానిదే.

బడిలో పిల్లలు "మున్నీ, ఆకు దిన్నవా?" అని అరిచి మేకలా కూసేవాళ్లు. ఏడుస్తూ వస్తే బాపమ్మ ఓదార్చేది కాదు. "ఒర్రనీ. ఎంత ఒర్రితె గంత మంచిది. అందరికి దెల్వాలె" అనేది.

బక్రీద్ దగ్గరపడితే బేరగాళ్లు వచ్చి దాని నడుము తడిమి చూసేవాళ్లు. తర్వాత తర్వాత అది పాలియ్యడం మానేసింది, పళ్లు అరిగాయి, ఈనడం ఆగింది. అలాంటిదాన్ని ఎందుకు మేపుతున్నావని ఖాలమ్మ కొడుకే విసుక్కునేవాడు. ఆమె నవ్వుతూనే "అది మేక గాదురా, పక్కింటి పిల్ల జాన్, పానం ఉన్నది దాంట్ల" అనేది. అంతలోనే మా అమ్మ వైపు తిరిగి, "మా మతంల గిసుంటియి ఉండయి బిడ్డా, అంత అల్లా రాసిందే" అనేది. నమ్మకం లేకపోయినా గుంజకు తాడు మాత్రం విప్పలేదు.

సకల జనుల సమ్మె వచ్చేనాటికి మేమిద్దరం పదేళ్లు దాటాం. నేను అయిదో తరగతి దాటాను, అది ముసలిదైపోయింది. బళ్లు మూశారు, బస్సులు ఆగిపోయాయి. బాపు గుమాస్తాగా చేసే బట్టల దుకాణం షట్టరు సగం దించే ఉండేది. పెద్దవాళ్లు రోడ్డు మీద రాస్తారోకో చేస్తే మేం గల్లీకి అడ్డంగా సైకిలు టైర్లు పెట్టి రాస్తారోకో చేసేవాళ్లం. మున్నీకి గులాబీ రంగు గులాల్ పూసి ముందు నిలబెట్టి, "జై తెలంగాణ" అని మేం అరిస్తే అది "మే" అనేది, మాకు అది చాలు. పాత బస్టాండు దగ్గర వంటావార్పు పెట్టిన రోజు ఖాలమ్మ నడిరోడ్డు మీద బగారా అన్నం కలుపుతుంటే, పక్కన బాపమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ, గొంతు చించుకుని నినాదాలిస్తున్న కుర్రాళ్లను "ఇంత నీళ్లు దాగి ఒర్రున్రి కొడుకా" అని తిట్టడం ఇప్పటికీ కళ్ల ముందుంది.

ఆ రోజుల్లోనే నాకు జ్వరం వచ్చింది. ముందు మామూలు జ్వరమే అనుకున్నారు. ఒంటి మీద ఎర్రటి చుక్కలు కనిపించేసరికి ఇక్కడి డాక్టరు హైదరాబాద్ తీసుకెళ్లమన్నాడు. ఎవరిదో కారు అడిగి తెచ్చారు. కుకునూరుపల్లి దగ్గర రోడ్డు మీద పొయ్యిలు మండుతున్నాయి. కారును ఆపడానికి కర్ర అడ్డం పెట్టిన మనిషి లోపలికి తొంగిచూసి, "పోరికి జరమొచ్చింది, పొయ్యి జరుపున్రి" అని కేకేశాడు. ఉడుకుతున్న గుండిగను ఇద్దరు ఆడవాళ్లు పక్కకు ఎత్తి పెట్టడం మగతలో చూశాను. గజ్వేల్ దాటేదాకా ప్రతిచోటా అలాగే జరిగింది.

హైదరాబాద్ దవాఖానలో అమ్మ రోజూ వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసేది. నా సంగతి చెప్పకముందే అడిగేది.

"అత్తా, మున్నీ మంచిగున్నదా? తింటుందా?"

అవతల బాపమ్మ ఏం చెప్పేదో, అమ్మ ముఖం తేటపడేది. ఒక రోజు నర్సు, "ఇంటికాడ ఇంకో బిడ్డ గూడ ఉన్నదా అమ్మా?" అని అడిగింది. అమ్మ ఉందని తలూపింది.

నేను కోలుకుని ఇంటికొచ్చేసరికి సద్దుల బతుకమ్మ అయిపోయింది, గల్లీలో వాడిన తంగేడు పూలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. బాపమ్మ దిష్టి తీయగానే నేను ఖాలమ్మ అరుగు దగ్గరికి వెళ్లాను. గుంజకు మేక ఉంది. అదే తాడు, మెడలో మున్నీకి ఎప్పుడూ ఉండే ఎర్రపూసలే. నేను చెయ్యి చాపితే వెనక్కి జరిగింది. దాని రెండు చెవులూ నిండుగా ఉన్నాయి.

దర్జీ తాత కాలు మిషను మీద ఆగిపోయింది. ఖాలమ్మ తలుపు పట్టుకుని నన్ను చూసి, నా వెనుక వస్తున్న అమ్మను, బాపమ్మను చూసింది.

"బాపమ్మా, దీని చెవు..." అన్నాను.

బాపమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా నొక్కింది. "మున్నీయే బిడ్డా. నీ మీద బెంగతోటి బక్కగైంది" అంది. గోడ పక్కని వేప కొమ్మ విరిచి దానికి అందించింది. ఆ చేతిలోది అది తినలేదు. బాపమ్మ కొమ్మను కింద పడేసి, అమ్మకు వినిపించేలా, "కడుపు నిండినట్టున్నది" అంది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆ కొత్త మేక తల నిమిరింది.

నా పెళ్లికి వచ్చినప్పుడు ఖాలమ్మ చెప్పింది. నన్ను హైదరాబాద్ తీసుకెళ్లిన మర్నాడే మున్నీ చచ్చిపోయిందట. బాపమ్మకు తెలిస్తే గుండె పగులుతుందని, రాయపోల్‌లో ఉండే చెల్లెలి ఇంటి నుంచి అదే రంగు మేకను ట్రాలీ ఆటోలో తెప్పించి, ఎవరూ చూడకుండా ఆ పూసలే కట్టిందట.

"బాపమ్మకు దెల్సిందా ఖాలమ్మా?"

"నన్ను ఒక్క మాటడుగలె బిడ్డా. గని మల్ల ఒక్కనాడు దాని చెవు దిక్కు సూడలె."

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. జ్వరం దోమ వల్ల వచ్చిందని, మేక ముసలిదై పోయిందని తెలుసు. ఆ తెలివి పగటిపూట బాగానే పనిచేస్తుంది.

బాబు పుట్టిన రోజు నుంచే మా అత్తమ్మ వాణ్ని చిన్నూ అంటోంది. మా కింది అంతస్తులో కుక్క పేరు కూడా చిన్నూ. అదే పేరు ఉంచుదామంటే మా ఆయన, "అపార్ట్‌మెంటంత నవ్వుతరు. కుక్క పేరు మన పోరనికా?" అన్నాడు. నిన్న లిఫ్టు దగ్గర ఆ కుక్కను పట్టుకుని కింది ఇంటి అమ్మాయి కలిసింది. ఎవరు చెప్పారో, మొహమాటపడుతూ, "సారీ అక్కా, మీకు మంచిగ అనిపియ్యకుంటె దీని పేరు మార్చేస్త. చిన్నదే, అలవాటైతది" అంది.

"వద్దు!" అన్నాను. నా గొంతుకు కుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మార్చకు చెల్లె. గట్లనే పిలువు. దానికి టీకాలేపించినవా? మంచిగ తింటుందా?"

ఆ అమ్మాయి వింతగా చూసి తలూపింది.

బాపమ్మ లేదు. ఖాలమ్మ వాళ్లు కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. అరుగు పగలగొట్టి సెల్‌ఫోన్ల దుకాణం కట్టారు, ఆ గల్లీలో ఇప్పుడు మేక అరుపు వినిపించదు. పక్కింటివాళ్ల భయాన్ని తమ గుంజకు కట్టుకుని మేపేవాళ్లు ఇంకా ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. కింది ఇంటి అమ్మాయి పేరు కూడా నాకు తెలియదు, ఆమె కుక్క పేరు తప్ప. ఆదివారంలోగా కిందికి వెళ్లి అడగాలి.