అమ్మ పెట్టిన దరఖాస్తు

ల్యాబులో అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. దంతవైద్యులు పంపిన అచ్చుల మీద మైనం పరిచి, పన్ను పక్కన పన్ను పేర్చి, కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆమె పని. చుట్టుపక్కల ముసలివాళ్ళలో సగంమంది నవ్వుతున్నది తన చలవేనని ఆమెకు గొప్ప. ఆ నవ్వించే మనిషి మాత్రం మనసారా నవ్వి ఎన్నాళ్ళయిందో!

తల్లి పరాయి దేశంలో కొడుకు దగ్గర ఉంటుంది. శాశ్వత నివాసం దొరకగానే, పెళ్ళికాని కూతుర్ని రప్పించుకోవడానికి వీసా దరఖాస్తు పెట్టింది. అది పెట్టిన తేదీయే వరుసలో పళ్ళక్క చోటు. ఆ వరుస ఏ తేదీ వరకూ వచ్చిందో అక్కడివాళ్ళు నెలనెలా ప్రకటిస్తారు. ఒక నెల చీమలా కదులుతుంది, ఒక నెల ససేమిరా అంటుంది. ఈసారైతే ఏకంగా వెనక్కే నడిచింది. మనిషి మాట తప్పితే నలుగురిలో నిలదీయొచ్చు. తేదీని ఎవరు నిలదీస్తారు?

"టూరిస్టుగా వెళ్ళి అక్కడే ఉండిపోరాదూ? ఎంతమంది చేయడం లేదు!" అన్నాడు బాబాయి, అదేదో పక్కవీధికి వెళ్ళిరావడమైనట్టు.

"దొంగలా వెళ్తే, అమ్మ పక్కన పడుకున్నా తలుపు చప్పుడైతే గుండె జారిపోతుంది బాబాయ్. నాకొద్దు."

పైకి అన్నంత ధైర్యం లోపల లేదు. దరఖాస్తు పెట్టినవాళ్ళు పోతే దరఖాస్తూ పోయినట్టేనని కాగితాలు చూసే వకీలు ఓసారి చల్లగా చెప్పాడు. అప్పట్నుంచీ ఫోనెత్తితే "ఎలా ఉన్నావమ్మా" కంటే ముందు "బీపీ మాత్ర వేసుకున్నావా" అనే మాటే నోట వస్తోంది. అడిగాక సిగ్గేస్తుంది. అడిగింది అమ్మ కోసమా, వరుస కోసమా? ఆ ఆలోచన పట్టుకుంటే అన్నం సయించదు.

తేదీ వెనక్కి పోయిన వారంలోనే, పనివేళ తల్లి ఫోన్ చేసింది. ఎప్పుడూ మొహం చూపించే మనిషి, ఈసారి వట్టి గొంతే.

"బాగున్నానే. సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తున్నా."

మైనం చెక్కుతున్న కత్తి ఆగిపోయింది. మాటమాటకీ గాలి పోతోంది. తల్లి పెట్టుకునే కట్టుడుపళ్ళ సెట్టు చేసిచ్చింది పళ్ళక్కే. అది పెట్టుకోనిదే ఎవరైనా చూస్తారని కిటికీ కూడా తీయని మనిషి ఆవిడ.

"అమ్మా, పళ్ళేవి?"

తల్లి మాట మార్చబోయింది.

"ఎవరు తీయించారు? ఆసుపత్రిలో ఉన్నావు కదూ?"

"కాస్త కళ్ళు తిరిగి పడ్డానే. ఏదో పరీక్షకని పళ్ళు తీసెయ్యమన్నారు. నువ్వు హడలిపోతావని అన్నయ్యని నేనే చెప్పొద్దన్నా. రేపో మాపో పంపించేస్తారులే."

పళ్ళక్కకు ముందు గుర్తొచ్చింది వరుస. ఆ తర్వాతే అమ్మ. అది తనకే తెలిసిపోయి, తన మీద తనకే అసహ్యం వేసింది. చుట్టూ గ్రైండర్లు తిరుగుతుండగా బల్ల మీద తల వాల్చి భోరుమంది.

"నేను భయపడేది నీ గురించో, వీసా గురించో నాకే తెలియడం లేదమ్మా. పాపిష్టిదాన్ని!"

"పిచ్చిమొద్దూ! ఆ వీసా ఎక్కడికే? నా దగ్గరికేగా? పడ్డప్పుడు నాకూ ముందు గుర్తొచ్చింది నీ తేదీయే. ఇంతకీ ఈ నెల ఏమైనా కదిలిందా?"

అబద్ధం చెబుదామనుకుంది కానీ నోరు రాలేదు.

"వెనక్కి పోయిందమ్మా."

"అలాగా," అంది తల్లి. "అయితే నేనింకా చాలాకాలం బతకాలన్నమాట."