నోరు కట్టేసుకున్న నెల

పోయినేడాది వానాకాలంలో నా గొంతు పోయింది. ఒక్కసారిగా పోలేదు. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఫిజిక్స్ చెప్పిన గొంతు అది. ఫ్యాన్ల రొద మీద, రేకుల కప్పు మీద పడే వాన మీద, వెనక బెంచీల గుసగుసల మీద అరిచి అరిచి ముందు బొంగురుపోయింది. తర్వాత మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. కాకినాడలో డాక్టరుగారు సన్న గొట్టం లోపలికి పంపి చూసి, స్వరతంతువుల మీద చిన్న చిన్న కాయలు లేచాయన్నారు.

"నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకండి. గుసగుసగా కూడా వద్దు. అది ఇంకా చెడుపు."

మావారు ఆ సాయంత్రమే ఒక పలక కొనుక్కొచ్చారు. ఆయన విద్యుత్ ఆఫీసులో గుమాస్తా. స్వతహాగా మాటలు తక్కువ మనిషి. "ఇద్దరం ఒకటయ్యాం," అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నోరు ఊరుకుంటే మనసు కూడా ఊరుకుంటుందని అనుకునేదాన్ని. మొదటి వారంలోనే ఆ భ్రమ వదిలింది. బయటికి పోవాల్సిన మాటలన్నీ లోపలే తిరుగుతున్నాయి. కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. బీరువా సర్దాను. రెండు రోజులాగి అదే బీరువా మళ్ళీ సర్దాను. కాలవగట్టు మీద పొద్దున నడిచొచ్చి, చెప్పులు విప్పి, ఐదు నిమిషాలు కూర్చోలేక మళ్ళీ వేసుకున్నాను. ఎదురొచ్చినవాళ్ళు "బాగున్నారా మేడంగారూ" అంటే తలాడించి ముందుకు పోయేదాన్ని. గర్వం వచ్చిందనుకుని ఉంటారు కొందరు. గొంతు తిరిగి రాకపోతే ఏం చేయాలి, బోర్డు మీద ఎన్నాళ్ళు రాసి చెప్పగలను, ఇదే ఆలోచన.

మాది లూథరన్ కుటుంబం. మూడో వారంలో పాస్టరమ్మగారు ఇంటికొచ్చి, చర్చిలో హార్మోనియం పాడైందని, ఒక మెట్టు అసలు పలకడం లేదని, మిగతావి కూడా వణుకుతున్నాయని చెప్పారు. రాజమండ్రి తీసుకెళ్ళే మనిషి దొరకడం లేదట. నేను పలక అందుకుని "నేను వెళ్తాను" అని రాశాను.

మావారు చదివి కంగారుపడ్డారు. "మాట లేకుండా బస్సులో ఎలా వెళ్తావు?"

"కాళ్ళున్నాయిగా," అని రాశాను. ఆ ఇంట్లో ఇంకో రోజు కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది నాకు.

మర్నాడు ఆయన బస్సు దాకా వచ్చి హార్మోనియం ఎక్కించారు. దాన్ని పక్క సీట్లో పెట్టుకుని కూర్చున్నాను. వంతెన మీదికి వచ్చేసరికి కింద గోదావరి ఎర్రటి వరద నీళ్ళతో పరుగెడుతోంది. నాకన్నా తొందరగా ఉంది అనిపించింది.

పాస్టరమ్మగారు చెప్పిన కొట్టు ఒక సందులో ఉంది. కొట్టంటే ఒకే గది. గోడలకు విప్పేసిన హార్మోనియంల చెక్కలు, నేల మీద చెక్కపొట్టు. డెబ్బై దాటిన పెద్దాయన చాపమీద కూర్చుని పని చేసుకుంటున్నారు. నేను పలక చూపించాను. ఆయన దూరంగా పట్టుకుని చదివి, పెద్దగా నవ్వారు.

"నాకు చెవులు మందం అమ్మగారూ. మీకేమో నోరు లేదు. మంచి జోడీయే కుదిరింది! కూర్చోండి."

పెట్టె విప్పారు. పలకని మెట్టు కింద, గాలి వెళ్ళే కంత నిండా మట్టి ఉంది. ఆయన సన్నటి రేకుతో చుట్టూ గీకి, విరగకుండా దాన్ని పైకి తీసి నా అరచేతిలో పెట్టారు. కందిరీగ కట్టుకున్న గూడు. చిటికెన వేలంత కూడా లేదు. ఉండ మీద ఉండ పెట్టి మెత్తిన వరసలు గూడు పొడవునా కనిపిస్తున్నాయి. నల్లమట్టి ఒక వరస, ఇసుకమట్టి ఒక వరస. రెండు చోట్ల నుంచి మోసుకొచ్చినట్టుంది. మా చర్చి కిటికీలోంచి అది ఎన్నిసార్లు వచ్చి వెళ్ళి ఉంటుంది? ఆదివారం మేము పాడుతున్నప్పుడు కూడా వచ్చి ఉంటుందా?

"ఇది చూడండి," అన్నారాయన. లోపలి చెక్క మీద పెన్సిలుతో తెలుగు అంకెలు వరసగా రాసి ఉన్నాయి. ౧, ౨, ౩... నాకు ఆరు దాటాక తెలియలేదు. ఏ అంకె చూసినా ఇంగ్లీషులోనే చదవడం అలవాటైపోయింది.

"మా నాన్నగారి రాత అండి. ఈ పెట్టె ఆయన చేతిలో పడిందన్నమాట ఒకప్పుడు." ఆ అంకెల మీద వేలు పెట్టారు. తర్వాత ఒక్కొక్కటీ నాకు చదివి చెప్పారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

శ్రుతి చేసే పని మొదలైంది. చాలాసేపటి నుంచి అడగాలనుకుంటున్నది పలక మీద రాశాను. "చెవులు మందమైతే శ్రుతి ఎలా చేస్తారు?"

ఆయన నా చెయ్యి తీసి చెక్క మీద బోర్లించారు. తిత్తి ఊది మెట్టు నొక్కారు. ప్రతి మెట్టుకీ రెండు రీడ్లు, గాలికి అదిరి పలికే ఇత్తడి రేకులు. రెండూ ఒకేలా పలకాలి. అలా పలకడం లేదు. అరచేతి కింద చెక్క ఉబ్బి తగ్గుతోంది, ఉబ్బి తగ్గుతోంది.

"దీన్ని మేం అల అంటామండి. చూస్తూండండి."

ఒక రీడు కొసని కాస్త గీకారు. అల నెమ్మదించింది. మళ్ళీ గీకారు. ఇంకా నెమ్మదించింది. ఒక ఊపుకీ ఇంకో ఊపుకీ మధ్య నా ఊపిరి పట్టేంత దూరం. ఇంకోసారి గీకి మెట్టు నొక్కారు. చెక్క ఉబ్బకుండా, తగ్గకుండా ఒకే సన్నటి వణుకుతో నిలబడింది.

విస్పందనాలు, దగ్గర దగ్గర స్వరాలు రెండు కలిస్తే పుట్టే ఆ హెచ్చుతగ్గులు. ఏటా ఆ పాఠం చెప్తాను. పౌనఃపున్యాల తేడా, సమీకరణం, పరీక్షలో వచ్చే లెక్క. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాన్ని తాకలేదు.

"ఆగిపోయింది!"

అన్నది నేనే. పంతొమ్మిది రోజుల తర్వాత నోట్లోంచి వచ్చిన మొదటి మాట. గరగరమని, ఎవరిదో గొంతులా వినిపించింది. ఆయనకి వినపడలేదు గాని నా పెదాలు చూశారు.

"అయ్యో, మాట్లాడేశారండీ!"

తిరుగు ప్రయాణం పొడుగునా గొంతు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాటతో ఇన్నాళ్ళ కష్టం గంగలో కలిసిందేమోనని భయం. మంచి నీళ్ళు తాగుతూ, మళ్ళీ చెయ్యి గొంతు మీద పెట్టుకుంటూ. ఆ భయం మధ్యలోనే అరచేతిలో ఆ అల తగులుతూనే ఉంది.

ఆ ఆదివారం, మాట మానేశాక మొదటిసారి, చర్చికి వెళ్ళాను. ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో నిలబడి అందరికన్నా గట్టిగా పాడేదాన్ని. ఆ రోజు పెదాలు బిగించుకుని నిలబడితే ఎటు చూడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండో చరణంలో మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. సన్నగా, భయంభయంగా, కాని ఎక్కడా శ్రుతి తప్పకుండా. ఎవరా అని చూశాను. మావారు.

పెళ్ళై ఇరవై ఆరేళ్ళు. ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. నా గొంతు ఆగితేగా!

ఇంటికి రాగానే పలక మీద రాసి చూపించాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నేనా? ఏంటి నువ్వనేది, నేను పెదాలు కదుపుతానంతే."

పై ఆదివారం నిజంగానే పెదాలు మాత్రం కదిపారు. అనవసరంగా చెప్పానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆరాధన అయ్యేదాకా చెవులు అటే ఉన్నాయి. ఏమీ రాలేదు.

నెల పూర్తయ్యాక డాక్టరుగారు గొట్టం పెట్టి చూసి, కాయలు చాలావరకు కరిగాయన్నారు. ఒక్క మాటతో ఏమీ పాడవలేదట. క్లాసులో మైకు పెట్టుకోమన్నారు. నా గొంతు తిరిగొచ్చింది గాని కాస్త లోతుకు దిగింది.

తర్వాత రెండు ఆదివారాలు సగం గొంతుతోనే పాడాను. డాక్టరు చెప్పారని అందరికీ చెప్పాను, అది సగమే నిజం. రెండో ఆదివారం మూడో చరణం దగ్గర మావారు తనను తాను మరిచిపోయి అందుకున్నారు. నేను అటు తిరగలేదు. తిరిగితే ఆపేస్తారని తెలుసు.