పన్నెండు దాటాక ఒక ప్లేటు ఇడ్లీ

జూలై నెల రెండో శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల ఐదు నిమిషాలకు, నేను నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి పరుగెత్తాను. ఆ రోజుల్లో హైటెక్ సిటీ అద్దాల మేడల్లో చోటు దొరకని చిన్న కంపెనీలు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో తలదాచుకునేవి. మాది పుప్పాలగూడలో ఒక ఫ్లాటు. (హాలు మా సమావేశ మందిరం, పూజగది మా సర్వర్ గది, చెప్పులు బయటే విడవాలి.) ఇంటర్నెట్ అక్కరలేకుండా ఒక ఫోను సన్నగా కూత పెడితే, పక్కనున్న ఫోను దాన్ని విని విషయం గ్రహించేలా చేయడం మా పని. ఆ కూత ఎంత సన్ననిదంటే, నలభై దాటినవారి చెవికి ఆనదు. ఇరవై ఆరేళ్ల నాకు మాత్రం చెవిలో దోమ దూరినంత స్పష్టంగా వినిపించేది. దాన్ని నేనొక విద్యార్హతగా భావించేవాణ్ణి.

ఆ శుక్రవారం టిఫిన్ సెంటర్లు నడిపే ఒక విజయవాడ పెద్దాయన మా పనితనం చూడడానికి వచ్చారు. హాల్లోని ఫోనులో ఆయన ఇడ్లీ ఆర్డరు నొక్కితే, వంటగదిలోని ఫోనులో ఇడ్లీ కనిపించాలి. కనిపిస్తే నా ఉద్యోగం పర్మనెంటు, లేకుంటే నెలాఖరుకు సెలవు అని మా కడప సారు (కంపెనీ యజమాని) ముందురోజే తేల్చి చెప్పారు. పెద్దాయన పదిన్నరకే వచ్చినా, కాఫీ మీద కాఫీ ఇప్పించి కూర్చోబెట్టారు. "రాహుకాలం పోనీ అబ్బీ, పన్నెండు దాటినాక మొదలుపెడదాం" అని నా చెవిలో అన్నారు. నేను పొద్దున, సాయంత్రం, వానలో, ఏసీ హోరులో పరీక్షించినవాణ్ణి. పన్నెండింటికి మాత్రం ఎన్నడూ పరీక్షించలేదు. అది నా భోజనవేళ.

పన్నెండు దాటింది. పెద్దాయన ఇడ్లీ నొక్కారు. సరిగ్గా అప్పుడే మా వంటగది కిటికీకి ఎదురుగా ఉన్న ఫ్లాటులో కుక్కర్ విజిల్ వేసింది. పై అంతస్తు కుక్కరు బదులు పలికింది. క్షణంలో అపార్ట్‌మెంటంతా బుస్సుమంది. నా దోమ ఆ హోరులో కొట్టుకుపోయింది.

"ఇడ్లీ ఏదండీ?" అన్నారు పెద్దాయన, వంటగదిలోకి వచ్చి అక్కడి ఫోను తిరగేసి చూస్తూ.

"దారిలో ఉండాది సార్" అన్నారు మా సారు, నావైపు చూడకుండా.

నేను పరుగెత్తి ఎదురు ఫ్లాటు తలుపు తట్టాను. "అక్కా, కుక్కర్ రెండు నిమిషాలు ఆపుతారా? మా ఫోనుకు వినిపించడం లేదు."

ఆవిడ గరిటెతోనే వచ్చి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"నేను కాదక్కా, ఫోనే ఇంకో ఫోనుతో మాట్లాడుతోంది."

"ఏమని?"

"ఒక ప్లేటు ఇడ్లీ అని."

"పన్నెండింటికి ఇడ్లీ ఏంది తమ్మీ? జర ఆగు, పప్పు దించుత, తిని పో" అంటూనే, పాపం, స్టవ్వు ఆపింది. ఆపై మెట్ల దగ్గర నిలబడి పైవాళ్లకు కేకవేసింది: "కుక్కర్లు బంద్ చేయుండ్రి, పిలగాని నౌకరీ పోయేటట్టున్నది." (నేనా మాట చెప్పనేలేదు, నా ముఖం చెప్పి ఉండాలి.)

అపార్ట్‌మెంటు మూగబోయింది. దోమ పాడింది. వంటగదిలో ఇడ్లీ ప్రత్యక్షమైంది. సారు కళ్లు మూసుకుని దండం పెట్టారు. పెద్దాయన మాత్రం మెల్లగా నవ్వి, "బాగుందండి. కానీ మా వంటగదిలో పొద్దస్తమానం ఆవిరి కూతలేనండి. అవి ఆపితే ఇడ్లీ ఉండదు, ఆపకపోతే ఇడ్లీ కబురు రాదు. ఎలాగండీ మరి?" అన్నారు. అందరం నవ్వాం, సారు కాస్త ఆలస్యంగా.

పెద్దాయన వెళ్లాక నేను నా సొరుగు ఖాళీ చేస్తుంటే సారు వచ్చారు. "ఏం జేస్తాండావు? టైము పెట్టింది నేను. కూసింది కుక్కర్లు. నువ్వు పరిగెత్తినావు, ఇడ్లీ వచ్చింది. ఆయమ్మ పప్పు తినమనిందంట గదా, నన్ను గూడా తీస్కపో."

మొన్న ఆదివారం పాత ఫోనులో ఆ కూత దొరికితే మా అమ్మాయికి వినిపించాను. అది చెవులు మూసుకుని "ఆపు నాన్నా" అంది. ఇంకా మొదలుకాలేదనుకుని నేను మళ్లీ నొక్కాను.

పోయినవి: ఒక ఒప్పందం, మరుసటి ఏటికి ఆ కంపెనీ, ఏ తేదీన పోయిందో నా డైరీలో కూడా లేని ఆ దోమ. మిగిలినవి: ఆనాటి పప్పు రుచి, పన్నెండింటికి ఎక్కడ కుక్కర్ కూసినా లేచి పరుగెత్తబోయే రెండు కాళ్లు.