జేజి చేతికి తగిన పిడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కత్తిని మా జేజి కంట పడకుండా దాచేవాళ్ళు. పిల్లలకు అందకుండా కత్తి దాచే ఇళ్ళు ఎన్నో ఉంటాయి. పెద్దామెకు అందకుండా దాచిన ఇల్లు మాత్రం, నాకు తెలిసి, మాదొక్కటే. సౌదీలో దమ్మామ్ అనే ఊళ్ళో ఒక పాత బిల్డింగు పై అంతస్తులో మేముండేవాళ్ళం. అమ్మ కూరలు తరిగినంతసేపు తరిగి, కత్తిని కడిగి, బియ్యం డబ్బా వెనక్కి తోసేసేది. తర్వాత తనే మరిచిపోయి ఇల్లంతా వెతికేది.

జేజి అంటే మా నాయనకు అమ్మ. మాది కడప వైపు. ఒక్కపొద్దుల నెలకు, అంటే రంజానుకు, తల్లి తన దగ్గరుండాలని నాయనకు ఎన్నాళ్ళనుంచో కోరిక. ఏసీలు బాగుచేసే పని ఆయనది. పని ముగించుకుని, తనను పనికి పెట్టుకున్న కఫీల్ ఆఫీసు చుట్టూ ఓపిగ్గా తిరిగి, చివరికి విజిట్ వీసా సంపాదించి జేజిని రప్పించాడు. అప్పటికే ఆమె ఊళ్ళో కాలుజారి పడి మణికట్టు విరగ్గొట్టుకుని ఉంది. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళలో పట్టు పోయింది. వచ్చిన కొత్తలో ఉల్లిపాయ తరగబోతే కత్తి జారి వేలు తెగింది. తెగింది కొంచెమే అయినా అమ్మ బెదిరిపోయింది. ఆ పూటనుంచే కత్తికి అజ్ఞాతవాసం మొదలైంది.

కత్తితో ఆగి ఉంటే బాగుండేది. చెంచా పట్టుకోబోతే, "అత్తా, నువ్వు లేయొద్దు, నేను చేస్తా కదా" అనేది అమ్మ. చీపురు ముట్టుకోబోయినా అదే మాట. అమ్మది ప్రేమేనని ఈనాటికీ అంటాను. అత్తను కూర్చోబెట్టి చూసుకోవడం కన్నా గొప్ప మర్యాద ఆమెకు తెలియదు. కానీ ఊళ్ళో ఒక్కపొద్దుల నెల వస్తే సాయంత్రం వీధి సగానికి బజ్జీలు వేసి పంపిన మనిషి మా జేజి. అలాంటి మనిషి సోఫాలో కూర్చుని, అర్థం కాని అరబ్బీ టీవీని చూస్తూ, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉండేది. మొదట్లో నాకు కథలు చెప్పింది. రానురాను కథలు కురచైపోయాయి. రాజుగారు వేటకు బయలుదేరకముందే కథ కంచికి వెళ్ళిపోయేది.

ఒక్కపొద్దులు మొదలైన కొద్దిరోజులకు, ఒక సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకున్నాక, జేజి నాయనతో మెల్లగా అంది: "నాయనా, నన్ను ఊరికి పంపీ. తిని కూచోడానికి ఇంత దూరం రావల్నా? ఈడ నాతో పనేముంది?" నాయన గ్లాసు కిందపెట్టేశాడు. అమ్మ వంటగదిలోకి వెళ్ళి, తాను ఏం తక్కువ చేసిందో తెలియక కళ్ళు తుడుచుకుంది. అందరికన్నా ఎక్కువ దిగులు పడింది నేను. మా బిల్డింగులో ఎందరో పిల్లలున్నారు గానీ, జేజి ఉన్న పిల్లను నేనొక్కదాన్నే. పండగనాడు కొత్త బట్టలేసుకుని ఆమె చేయి పట్టుకుని అన్ని గడపలూ తిరుగుతానని అప్పటికే అందరి దగ్గరా గొప్పలు పోయి ఉన్నాను. ఇక ఆమె పండగకు ముందే వెళ్ళిపోతుందన్నమాట.

ఈ సంగతి మరునాడే పక్కింటి అక్కకు తెలిసిపోయింది. గోడ పక్క గోడ, పైగా మా అమ్మ కడుపులో మాట దాగదు. అక్కవాళ్ళది కరీంనగర్ వైపు. అక్క భర్త ఒక గోదాముకు వ్యాను నడిపేవాడు. వాళ్ళది ఒక్కపొద్దులుండే ఇల్లు కాదు గానీ, సాయంత్రం మా ఇంటినుంచి మొదటి పళ్ళెం వెళ్ళేది వాళ్ళ గడపకే. ఆ పళ్ళెం ఉత్తదిగా తిరిగొచ్చిన రోజు లేదు. అక్క అంతా విని, ఎప్పటిలా నవ్వకుండా, సోఫాలో ఉన్న జేజి చేతులవైపు కాసేపు చూసింది. ఆ చూపు నాకు గుర్తుంది. ఎందుకలా చూసిందో అప్పుడు తెలియలేదు.

రెండు రోజులాగి అక్క వచ్చి జేజి పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, మా పోరగాండ్లు దినాం ఫ్రైస్ ఫ్రైస్ అని నా పానం తింటుండ్రు. ఆలుగడ్డ కోసే మిషన్ కొనాలె. నాకు సామాన్ల సంగతి సమజ్ కాదు. జర నువ్వొచ్చి చూడరాదు?" అంది. అమ్మ నోరు తెరిచింది, అత్తకు ఆ మిషన్ల సంగతేం తెలుసని. అక్క వినిపించుకోలేదు. అసలు జేజి కూడా, "నాకేం తెలుసమ్మే, ఉర్లగడ్డ కోయను మిషనెందుకు?" అంది. అంటూనే చెప్పులు వేసుకుంది. బయటకు పిలిచిన వాళ్ళు లేక ఎంత మొహంవాచి ఉందో పాపం.

అక్క భర్త వ్యానులో వెళ్ళాం, నన్నూ తీసుకెళ్ళారు. మేం చేరేసరికి నమాజు వేళై దుకాణం షట్టరు దించారు. వ్యానులోనే కూర్చుని ఎదురుచూశాం. షట్టరు లేచాక దుకాణంలోని మలయాళీ ఆయన హిందీలో ఊదరగొట్టడం మొదలుపెట్టాడు. ముందు రంగురంగుల ప్లాస్టిక్‌ది ఒకటి తీశాడు. దుంపను లోపల పెట్టి రెండు చేతుల మధ్య నొక్కితే ముక్కలవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అక్క దాన్ని జేజి చేతిలో పెట్టింది. జేజి పిడికిలి బిగించబోయి బిగించలేక, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు కిందపెట్టేసింది. నేను చూశాను.

అక్క మాత్రం ఏమీ చూడనట్టే, "గిది పిల్లలాట లెక్కున్నది, ఇంకోటి తియ్యండి" అంది. ఒక్కొక్కటే బల్లమీదికి వచ్చింది. ఒకదానికి పిడి కురచ. ఒకదానికి బ్లేడ్ల చట్రం ఊడిరాదు, ఇరుక్కున్న ముక్క తీయాలంటే వేలు పెట్టాల్సిందే. జేజికి తెలియకుండానే హుషారు వచ్చింది. కొబ్బరికాయను ఊపి చూసినట్టు ఒక్కోదాన్నీ ఊపి చూసింది. చివరికి అట్టడుగునుంచి ఒక బరువైన ఇనుపది బయటికొచ్చింది. కింద, తడిపి అదిమితే కరుచుకునే నాలుగు రబ్బరు పాదాలు, పైన మూరెడు పొడవు పిడి. జేజి దాని మీద అరచేయి ఆనించి కొంచెం వంగింది. పిడి దానంతటదే దిగింది. "మా వీధిలో బోరింగు మాదిరి ఉందే! దీనికి పట్టుతో పన్లేదు, మనిషి వంగితే చాలు" అంది. "అయితే గిదే" అని అక్క చటుక్కున అంది. మలయాళీ ఆయన ఇంకా ప్లాస్టిక్‌దాన్నే పొగుడుతున్నాడు.

మరునాడు మధ్యాహ్నం దాటాక అక్క ఆ మిషన్ను మా వంటగదికే మోసుకొచ్చింది, వాళ్ళ గట్టుమీద చోటు లేదట. ఆ తర్వాత ఆమె చేసిన ఘనకార్యం చూడాల్సిందే. దుంపను చివర కోయకుండా గుండ్రంగానే పెట్టింది. అది పక్కకు దొర్లింది. అడ్డంగా పెట్టి నొక్కితే సగం చితికి బ్లేడ్లలో ఇరుక్కుంది. పాదాలు తడపలేదు కాబట్టి నొక్కిన ప్రతిసారీ మిషను గట్టుమీద జారింది. పొడుగ్గా రావలసిన ముక్కలు నుజ్జునుజ్జయి, చూస్తే ఉప్మాకు కూడా పనికొచ్చేలా లేవు. "నాతోని అయితలేదు పెద్దమ్మా. రేపు పొయ్యి వాపసిచ్చేస్త" అని చతికిలబడింది.

పాడైపోతున్న వంటను చూస్తూ ఊరుకోవడం మా జేజికి చేతకాదు. లేచి వచ్చింది. "జరుగుమే. పీకులాడతాండావు దాంతో" అంది. గట్టు ఆమెకు ఎత్తు, భుజం దాటి చేయి లేస్తే గానీ పిడి అందదు. అందుకని మిషన్ను దించి నేలమీద పెట్టి, కత్తిపీట ముందు కూర్చున్నట్టు కూర్చుని, దాని పీటమీద పాదం అదిమింది. ఇనుప మిషన్ను కాలితో తొక్కిపట్టిన మనిషిని తయారుచేసినవాళ్ళు చూస్తే ఏమనేవాళ్ళో! అమ్మ గుండె మీద చేయి వేసుకుంది. "అత్తా, అది కత్తిపీట కాదు, కాలు తీయ్!" అని అరిచింది. కాలు తీస్తే మిషను జారుతోంది. నేలమీద బండల అతుకు సరిగ్గా రబ్బరు పాదాల కింద పడింది, అందుకే పట్టడం లేదు. అది జేజే కనిపెట్టింది. మిషన్ను ఒకే బండమీదికి జరిపి, నేల తడిపి, నాలుగు పాదాలూ అదిమేసరికి అది నేలకు కరుచుకుంది. అయినా పాదం మాత్రం తీయలేదు. అలవాటైన కాలు.

దాచిన కత్తిని చాలా రోజుల తర్వాత జేజి కళ్ళెదుటే అమ్మే బయటికి తీసింది. దుంపకు ఒక చివర చదునుగా కోసి జేజికి అందించింది. జేజి దుంపను నిలబెట్టి, అరచేయి పిడిమీద ఆనించి, ఊపిరి వదులుతూ ముందుకు వంగింది. కసుక్కున శబ్దమైంది. అటువైపునుంచి తెల్లని ముక్కలు, అన్నీ ఒక్క తీరువి, గిన్నెలో పడ్డాయి. జేజి ఇంకో దుంప కోసం చేయి చాచింది. చివర్లో ఇరుక్కున్న ముక్కను వేలితో తీయబోతే అక్కే ఆపి, దాని వెనకే మరో దుంప పెట్టించింది. ఏమీ చేతకాదన్న మనిషికి ఆ కిటుకు ఎలా తెలిసిందో నాకు అప్పుడు తట్టలేదు.

ముక్కల్ని నీళ్ళలో నానబెట్టి, గుడ్డమీద ఆరబెట్టి, ఒకసారి సగం వేయించి తీసి, ఖర్జూరాల వేళకు మళ్ళీ ఎర్రగా వేయించడం జేజి నాలుగు రోజుల్లో పట్టేసింది. ఒక్కపొద్దులో ఉన్నవాళ్ళు ఉప్పు చూడకూడదు కదా, ఆ ఉద్యోగం నాది. మనసుపెట్టి చేశాను, ఒక్కోసారి గిన్నె సగమయ్యేదాకా. సాయంత్రానికి మా ఇంటినుంచి పళ్ళేలు బయలుదేరేవి. కింది అంతస్తు సూడానీ ఆమె ఇంటికి, ఎదురింటి పాకిస్తానీ వాళ్ళ ఇంటికి, అక్కవాళ్ళ ఇంటికి. ఆ పళ్ళేలు సమోసాలతో, ఖర్జూరాలతో, పేరు తెలియని తీపి వంటలతో తిరిగొచ్చేవి. జేజి ఒక్కోదాన్నీ వాసన చూసి, ఇందులో ఏం వేశారంటావ్ అని నన్నడిగేది. రాజుగారు మళ్ళీ వేటకు వెళ్ళడం మొదలుపెట్టాడు. నాయన ఒకరోజు టికెట్టు సంగతి ఎత్తితే, "పండగ కానీలే. ఇప్పుడు నేను పోతే ఇంతమందికీ ఉర్లగడ్డలు ఎవరు కోస్తారు?" అని కసిరింది. నాయన కసురు తిని అంత సంతోషపడడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి అక్కవాళ్ళింటికి పళ్ళెం ఇవ్వడానికి వెళ్ళాను. అక్క పళ్ళెం నింపుతుంటే తల పైకెత్తి చూశాను. ఫ్రిజ్ మీద, పాత గిన్నెల మధ్య, ఒక ఫ్రైస్ కట్టరు ఉంది. దుకాణంలో మొదట చూపించాడే, రెండు చేతుల మధ్య నొక్కేది, అచ్చం అదే. వాడివాడి దాని రంగు వెలిసిపోయింది. నేను దానివైపు చూడడం అక్క చూసింది. నవ్వి, నా చెవి మెల్లగా మెలిపెట్టి, "నా చేతులకు గిది సరిపోతది. పెద్దమ్మ చేతులకు గది కావాలె. పని ఇయ్యాల్నంటే చెయ్యి చూసి ఇయ్యాలె బిడ్డా" అంది. అంతే. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. నేనూ అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. పండగనాడు జేజి చేయి పట్టుకుని అన్ని గడపలూ తిరిగాను. ప్రతి గడపలోనూ ఆమెను ఫ్రైస్ జేజి అనే పిలిచారు.

ఇప్పుడు నేనే జేజినయ్యాను. మా అబ్బాయికి ఆ దమ్మామ్‌కు దగ్గర్లోనే, రాస్ తనూరాలో ఉద్యోగం. ఈసారి ఒక్కపొద్దులకు నన్ను రప్పించుకున్నాడు. నా బొటనవేళ్ళు మొండికేసి చాలాకాలమైంది, సీసా మూత కూడా తిరగదు. ఇన్నేళ్ళలో మా ఇంటికి ఎవరొచ్చినా, చేయి విరిగినవాళ్ళయినా మనసు విరిగినవాళ్ళయినా, కూర్చోండి అని ఊరుకోలేదు నేను. వాళ్ళ చేతికి ఏ పని సరిపోతుందా అని చూశాను. బఠానీలు ఒలవమన్నాను, పిల్లలకు జడలు వేయమన్నాను. అది అక్క దగ్గర నేర్చిందే. నావంతు వచ్చేసరికి మాత్రం ఎవరిస్తారులే అనుకుని, సోఫాలో బుద్ధిగా కూర్చున్నాను.

మొన్న సాయంత్రం మా కోడలు వంటగదిలోంచి, "అత్తా, ఈ కొత్త కట్టర్ నాకు రావట్లేదు, కొంచెం చూడవా?" అని పిలిచింది. వెళ్ళి చూద్దును కదా, పొడుగు పిడిది, పాదాలు తడపలేదు, దుంపను అడ్డంగా కుక్కి ఉంచింది. ఈ పిల్ల చదువుకుంది, వంటా బాగా చేస్తుంది, పాపం నటన మాత్రం రాదు. నా చిన్ననాటి కథ వాళ్ళాయన పెళ్ళైన కొత్తలోనే ఆమెకు చెప్పి ఉంటాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండూ మింగేసి, "జరుగుమే, పీకులాడతాండావు" అన్నాను. మిషన్ను దించి, ఒకే బండమీద పెట్టి, కూర్చుని, పాదం ఆనించాను.

పిడిమీద అరచేయి పెట్టి వంగుతుంటే తట్టింది. అడ్డంగా కుక్కిన దుంపను చూసిన మరుక్షణం ఇది నటనని నాకు తెలిసిపోయిందే, అరవయ్యేళ్ళు వంటింట్లో బతికిన మా జేజికి తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. తెలిసీ, "జరుగుమే" అని లేచి వచ్చింది.