భయస్తుడు పోలిరాజు

జాలరి ఇంట పుట్టి సముద్రమంటే హడలిపోయేవాడు పోలిరాజు. పెదజాలరిపేటలో అదొక వింత. పద్నాలుగో ఏట తండ్రి తెప్ప మీద తీసికెళ్తే, ఒడ్డున ఇళ్ళు కనబడనంత దూరం పోయేసరికి తెప్ప దుంగని రెండు చేతులా కావలించుకుని ఏడ్చాడు. ఆ రోజు వల వెయ్యకుండానే తిరిగొచ్చారు. ఒడ్డున అందరూ నవ్వారు. తల్లి పోతమ్మ నవ్వలేదు. కొడుకు తలమీద కొంగు కప్పి, ఎవరికీ కనబడకుండా ఇంటికి నడిపించుకుపోయింది.

పెద్దయ్యాక పోర్టులో కూలికి చేరాడు. కట్టేసిన ఓడ మునగదు గదా అనుకున్నాడు. అక్కడ మరో భయం కాచుకుని ఉంది. బొగ్గు ఓడలో సరుకు నింపే ఒక్కో హోల్డూ అయిదంతస్తుల లోతు. క్రేను బొగ్గంతా తోడేశాక మూలల్లో మిగిలింది పోగెయ్యడానికి మనుషులు నిచ్చెన మీద లోపలికి దిగాలి. దిగే ముందు ప్రతిసారీ పోలిరాజు నోరెండిపోయేది. అయినా దిగేవాడు. ఇరవయ్యేళ్ళు అలాగే దిగి, ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర పదిమందికి మేస్త్రీ అయ్యాడు.

దేవుడి వైపు ముందు తిరిగింది ఆయన భార్య గౌరీశ్వరి. టైఫాయిడ్‌తో ఆవిడ మంచం పట్టినప్పుడు, పాతూరు ప్రార్థన మందిరం నుంచి ఆడవాళ్ళు ఇరవై రోజులు వంతులేసుకుని వచ్చి వండిపెట్టారు. లేచి తిరగ్గానే ఆవిడ మందిరానికి వెళ్ళడం మొదలెట్టింది. ఆర్నెల్ల తర్వాత పోలిరాజు కూడా వెనకాల వెళ్ళి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. ప్రార్థన కూడిక అయిపోయాక పాస్టరుగారి దగ్గరికెళ్ళి ఒకటే అడిగాడు.

"అయ్యా, మీ దేవుడు నా భయం తీసేత్తాడా?"

పాస్టరు జీవరత్నంగారు రైల్వేలో ట్రాక్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. "ప్రార్థన చేద్దాం. పోతే సంతోషం. పోకపోతే ఆ భయంతోనే రా. భయపడేవాడు దేవుడి మాట వినకూడదని ఎక్కడా లేదు."

బాప్తిస్మం సముద్రంలో ఇస్తారు. రుషికొండ దాటాక రాళ్ళు లేని చోట. రెండుసార్లు పోలిరాజు అక్కడిదాకా వెళ్ళి, మిగతావాళ్ళ పొడిబట్టలు పట్టుకుని ఒడ్డునే నిలబడిపోయాడు. మరుసటి ఏడు నడుంలోతు నీళ్ళలోకి వెళ్ళాడు. పాస్టరుగారు ముంచబోయే వేళకి అల లేచింది. పోలిరాజు ఆయన మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మునిగి, ఇసక మింగి లేచారు. "అయ్యగారు నన్ను ముంచడం కాదు, నానే ఆయన్ని ముంచేసినాను" అని తర్వాత పోలిరాజే చెప్పి నవ్వించేవాడు. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. ఒడ్డుకొచ్చి గంటసేపు వణికాడు. భయం ఆ నీళ్ళలో పోతుందని ఎంతో ఆశపడ్డాడు. పోలేదు.

కొత్త పేరు పెట్టుకోమన్నారు సంఘంవాళ్ళు. "అమ్మ పెట్టిన పేరండీ, ఒగ్గలేను" అన్నాడు. పోలిరాజుగానే ఉండిపోయాడు. ఆదివారం పనికి రానని కాంట్రాక్టరు మేనేజరుకి చెప్పడానికి మాత్రం పదిరోజులు పట్టింది. ఎలాగో చెప్పాడు. మేనేజరు కేకలేశాడు, ఓడలకి ఆదివారం ఉండదన్నాడు. చివరికి, పండగరోజుల్లో అందరి బదులూ పోలిరాజు పని చేసేలా ఒప్పుకున్నాడు. ఆదివారం ఆరాధన, ఇంత అన్నం, తర్వాత చాప. అదీ ఆయన విశ్రాంతి. "పడుకున్నా నీ కాలి వేళ్ళు బిగించుకునే ఉంటాయి మావా" అనేది గౌరీశ్వరి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్ళ కిందట సెప్టెంబరులో జరిగింది అర్థం కావాలంటే ఆయన ఎంత భయస్తుడో ముందు తెలియాలి.

మూడురోజులు వాన. బొగ్గు ఓడ మీద మూతలన్నీ బిగించేశారు. నాలుగోరోజు పొద్దున్న తెరిపిచ్చింది. మూసి ఉన్న చోట తడిబొగ్గు మంచి గాలిని తినేస్తుంది. వాసన రాదు, పొగ రాదు. లోపలికి దిగినవాడికి ఏమీ తేడా తెలియదు, రెండు ఊపిర్లు తీసి పడిపోతాడు. అందుకే గాలి పరీక్ష చేసే మనిషి మిషన్‌తో వచ్చి, చూసి, సంతకం పెట్టేదాకా ఎవరూ దిగకూడదని రూలు. ఈ సంగతి పోర్టువాళ్ళ సేఫ్టీ క్లాసులో చెప్పినప్పుడు మిగతావాళ్ళు కునికిపాట్లు పడ్డారు. పోలిరాజు మాత్రం ప్రతి ముక్కా వణుకుతూ విన్నాడు. అందుకే ఒక్కటీ మర్చిపోలేదు.

పోలిరాజు మేస్త్రీగా ఉన్న గ్యాంగులో సాయిశంకర్ అని ఇరవయ్యారేళ్ళవాడు. కూర్మన్నపాలెంలో తల్లితో ఉండేవాడు. అతనూ, గౌరీశ్వరి తమ్ముడు కోటీ ఒకే రోజు పన్లో చేరారు. ఇద్దరిదీ ఒకటే క్యారేజీ.

పరీక్ష చేసే మనిషి ఇంకా రాలేదు. బేగి కానీమని ఓడ పక్కన జెట్టీ మీంచి సూపర్‌వైజరు అరుస్తున్నాడు. మూడో హోల్డులోకి దిగే చిన్న మూత సాయిశంకర్ విప్పాడు. "నీళ్ళు సేరాయేటో నాలుగు మెట్లు దిగి సూసొత్తాను" అన్నాడట. పోలిరాజు ఓడ అవతలి కొసన ఉన్నాడు. "దిగొద్దురా!" అని అరిచాడు. క్రేను రొదలో ఆ అరుపు ఎవరికీ అందలేదు.

ఆయన పరుగెత్తుకొచ్చేసరికి కోటి రెండు కాళ్ళూ ఆ కంతలో పెట్టేసి ఉన్నాడు. కింద, నిచ్చెన మధ్యలో కాలూనుకునే తొలి ఇనప పలక మీద సాయిశంకర్ పసుపు హెల్మెట్ కనబడుతోంది. గోడకి జేరబడి నిద్రపోతున్నట్టు ఉన్నాడు.

పోలిరాజు కోటి చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి గుంజాడు.

"ఒగ్గీ బావా! ఆడు పడిపోనాడు!"

"దిగితే నువ్వూ పడిపోతావు."

"రెండు నిమిసాల్లో తెచ్చీత్తాను, ఒగ్గీ!"

"ఒగ్గను."

మిగతావాళ్ళు చుట్టూ చేరారు. ఒకడు తాడు కట్టుకుని దిగుతానన్నాడు. ఇంకొకడు "పక్కకి తప్పుకో, పిరికోడా!" అని పోలిరాజు వీపు మీద గుద్దాడు. ఆయన ఆ కంతకి అడ్డంగా బోర్లా పడుకున్నాడు. ఒక చెయ్యి ఇనుప అంచు మీద, ఒక చెయ్యి కోటి చొక్కా మీద. మాస్కులవాళ్ళని పిలవమని అరుస్తూనే ఉన్నాడు. ఎవరో ఫోను చేశారు. కాళ్ళు వణికి బూట్లు డెక్కు మీద టకటక కొట్టుకుంటున్నాయి.

అప్పుడు విన్నాడు. కింద నుంచి, ఇనుము మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. ఒకసారి. కొంచెం ఆగి ఇంకోసారి. చుట్టూ అరుపుల్లో ఇంకెవరూ వినలేదు. ఆయన ముఖం ఆ కంత మీదే ఉంది గనక ఆయనకి వినబడింది. తర్వాత మళ్ళీ రాలేదు.

మాస్కులు, గాలి సిలిండర్లు వేసుకున్నవాళ్ళు వచ్చేసరికి పదకొండు నిమిషాలు. సాయిశంకర్‌ని పైకి తెచ్చారు. ఆస్పత్రికి చేరకముందే అయిపోయిందన్నాడు డాక్టరు.

ఆస్పత్రి వరండాలో కోటి ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. చిరిగిన కాలరు వేలాడుతోంది.

"నువ్వు దేవుడి మాట ఇన్నానని అనుకుంటన్నావేమో బావా. నువ్విన్నది నీ భయం మాట."

ఆ తర్వాత ఏడు నెలలు అక్క ఇంటి గుమ్మం తొక్కలేదు.

విచారణకొచ్చిన ఆఫీసర్లు పోలిరాజుని మెచ్చుకున్నారు. ఇతను ఆపకపోతే ముగ్గురో నలుగురో పోయేవారు అని కాగితం మీద రాశారు. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, దేవుడు నీ చేత నీ బావమరిదిని కాపాడించాడని. ఆయన లేచి నిలబడ్డాడు. "వందనాలు" అన్నాడు. ఆ చప్పుడు చెవిలో ఉంది. కూర్చున్నాడు. ఆ వారం నుంచి పాటలు పాడటం మానేశాడు. పెదాలు మాత్రం కదిపేవాడు.

నిద్ర కరువైంది. ఇంట్లో గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడేవాడు. మూసిన తలుపు చూస్తే చెమటలు పట్టేవి. అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. తను రూలుకి లోబడి ఆగాడా, ప్రాణానికి భయపడి ఆగాడా? ఎంత వెతుక్కున్నా తెలియలేదు. కోటి అన్నదే నిజమైతే, ఇన్నేళ్ళూ తను విధేయత అనుకున్నదంతా పిరికితనమేనా అని లోపల కుంగిపోయాడు.

ఒక ఆదివారం ఆరాధనయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, ఆ చప్పుడు సంగతి పాస్టరుగారికి చెప్పాడు. భార్యకి కూడా చెప్పని మాట.

"ఇది వినాల్సిన మనిషి నేను కాదు పోలిరాజూ. ఎవరో నీకు తెలుసు."

"తెల్సయ్యా. అందుకే కాళ్ళాడ్డం నేదు."

పై ఆదివారం పాత పోస్టాఫీసు దగ్గర కూర్మన్నపాలెం బస్సెక్కాడు. దారిలో గాజువాకలో దిగిపోయి, రోడ్డు దాటి, వెనక్కెళ్ళే బస్సెక్కేశాడు. ఆ మరుసటి ఆదివారం కళ్ళు మూసుకుని కూర్చుని కూర్మన్నపాలెం చేరాడు. సాయిశంకర్ తల్లి అప్పాయమ్మది చీపురుపల్లి పక్క పల్లెటూరు. ఇక్కడ ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. ఒక్క గది ఇల్లు. గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలకి తలలు గిల్లుతోంది. లోపల గోడ మీద దండేసిన ఫొటో.

"పోలిరాజునమ్మా. మేస్త్రీని."

ఆవిడ తలెత్తి పైనుంచి కింది దాకా చూసింది. "భయస్తుడు మేస్త్రీవి నువ్వేనా? మా గుంటడు నవ్వుకుంటా సెప్పీవోడు."

గుమ్మం బయట చెప్పులు విడిచి, నేలమీద కూర్చుని, అంతా చెప్పాడు. మూత, కాలరు, తను అడ్డం పడుకున్నది. చివరికి ఆ చప్పుడు సంగతీ చెప్పాడు. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఎన్నిమార్లు?"

"రెండు మార్లమ్మా."

"మరి నువ్వేటి సేసినావు?"

"కోటిగాడి సొక్కా ఇంకా గట్టిగా పట్టుకున్నాను."

"నువ్వు దిగొచ్చు గదా."

"దిగితే నానూ సచ్చిపోతానని తెల్సు. అది నిజం. భయమేసింది. అదీ నిజం. రెండిట్లో ఏది ఆపిందో నాకు తెల్దమ్మా."

అప్పాయమ్మ లేచి లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఎంతకీ రాలేదు. కేకలేసి వీధిని పోగేస్తుందేమో, చేతికందింది పెట్టి కొడుతుందేమో అనుకున్నాడు. లేచి పారిపోవాలనిపించింది. చెప్పులు మూరెడు దూరంలోనే ఉన్నాయి. "ప్రభువా, నన్నిక్కడ కూకోబెట్టు" అనుకున్నాడు. అంతకన్నా పెద్ద ప్రార్థన రాలేదు. కూర్చున్నాడు.

ఆవిడ ముఖం కడుక్కుని వచ్చింది.

"నిద్దట్లో పోయినట్టు సుకంగా పోనాడని అందరూ సెప్పినారు. నాను నమ్మనేదు. ఎవుల్నడగాలో తెలీక ఊరుకున్నాను." నెత్తళ్ళు పక్కకి జరిపింది. "నాకు నీ మీద కోపం పోదు బాబూ. పోద్దని సెప్పను. గానీ అబద్దమాడకుండా ఒచ్చినావు." ఇంకాసేపటికి అడిగింది. "తిన్నావా?"

తినలేదు. నెత్తళ్ళ పులుసు, అన్నం పెట్టింది. మాట్లాడకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని గుమ్మం పక్క గోడకి జేరబడ్డాడు. సెలవు తీసుకుందామనే అనుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి. ఎండ వాలేదాకా అక్కడే, కాళ్ళు బారజాపి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. అప్పాయమ్మే తట్టి లేపింది.

"లే బాబూ, బస్సులు రద్దీ అయిపోతాయి."

ఆ నెల నుంచి నెలకో ఆదివారం ఆరాధన కాగానే కూర్మన్నపాలెం వెళ్తున్నాడు. ఆవిడకి నీళ్ళ డ్రమ్ము నింపిపెడతాడు. కొడుకు ఓడ మీద ఏం చేసేవాడో, ఎవర్ని ఎలా ఏడిపించేవాడో ఆవిడ అడిగి చెప్పించుకుంటుంది. కొన్నిసార్లు మధ్యలో లేచి వెళ్ళిపోతుంది. అప్పుడు ఆయన బయట కూర్చుంటాడు. భయం ఇంకా ఉంది. పొద్దున్నే ఓడ మెట్ల మీద మొదటి అడుగు వేసే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. వెనక గ్యాంగువాళ్ళు కూడా ఏమీ అనకుండా ఆగుతారు. పరీక్ష చేసే మనిషి సంతకం పెట్టేదాకా ఇప్పుడు ఎవరూ మూత మీద చెయ్యి వెయ్యరు.

ఆ మరుసటి ఏప్రిల్లో ఒక ఆదివారం పాత పోస్టాఫీసు స్టాపులో కోటి నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. పలకరింపు లేదు. బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. అప్పాయమ్మ ఇంట్లో సాయిశంకర్ ఫొటో కింద చాలాసేపు తలొంచుకుని ఉన్నాడు. ఆవిడ అతని వీపు నిమురుతూ ఏవేవో అంది. చప్పుడు సంగతీ అప్పుడే చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు కోటి వచ్చి బావ పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఆ సప్పుడు నిజంగా ఇన్నావా?"

"ఇన్నాను."

"ఆయేల నాకు సెప్పనేదేటి?"

"సెప్తే నా సెయ్యి ఇదిలించుకుని దిగిపోయీవోడివి."

కోటి కిటికీ వైపు తిరిగిపోయాడు. బస్సు గాజువాక దాటింది. ముఖం భుజానికి తుడుచుకుని ఇటు తిరిగాడు.

"ఆకలేత్తంది బావా. అక్క ఏటొండింది?"

"తెల్దు" అన్నాడు పోలిరాజు. "పద, ఎల్లి సూద్దాం."