'కేర్‌ఫుల్లీ' ఎక్కడ పెట్టాలి

నిన్న మా పాప గ్రామర్ పుస్తకంలో 'టు వర్క్ కేర్‌ఫుల్లీ' అని చూడగానే, చిన్నప్పుడు ఉప్పల్‌లో మేమున్న రేకుల గది గుర్తొచ్చింది. ఆ బస్తీలో నాతోపాటు పెరిగిన మీకూ గుర్తుండే ఉంటుంది, నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే మన నాన్నల చొక్కాలకు ఎంత ఉతికినా గ్రీజు వాసన పోయేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాన్న కుడిచేతి చూపుడువేలు మిషన్‌లో పడి నలిగింది. కట్టు విప్పకముందే సూపర్‌వైజర్ కబురు పంపాడు. తప్పంతా తనదేనని, ఇకమీద జాగ్రత్తగా పనిచేస్తానని నాన్న ఇంగ్లీషులో రాసిస్తేనే మళ్లీ డ్యూటీ అట.

"మిషన్ ఖరాబైందని నువ్వే అన్నవ్ గద నాయినా?"

"గది రాస్తే పనిలకెళ్లి తీసేస్తరు బిడ్డా. ఆళ్లు జెప్పినట్టే రాయి."

రాశాను. తెలుగులో 'జాగ్రత్తగా' ముందొస్తుంది కదా, అలాగే 'టు కేర్‌ఫుల్లీ వర్క్' అని పెట్టాను. అది క్రియ తర్వాత రావాలని టీచర్ చెప్పింది గుర్తొచ్చి, కాగితం చింపేసి మళ్లీ రాశాను. నేను చేయగలిగిన సాయం అదొక్కటే.

నాన్న ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు.

"జాగ్రత్తగ అన్న మాట ఏది బిడ్డా?"

చూపించాను. దానివైపే కాసేపు చూశాడు.

"నేను ఎప్పుడూ జాగ్రత్తగనే జేసిన."

ఆ మాట కూడా ఇంగ్లీషులో రాయడం నాకు వచ్చు. కానీ కాగితం మడిచి ఆయన జేబులో పెట్టాను.