కరీంనగర్ అంగట్లో నా బోణీ

మా తెనాలిలో ఆకుకూరలమ్మే సుబ్బమ్మ రెండేళ్లుగా నాచేత బోణీ చేయించుకోదు. ఒకసారి పొద్దున్నే ఆమె దగ్గర తోటకూర కొన్నాను. అరగంటలో కుండపోత వాన కురిసి ఆమె తట్టంతా నీళ్లపాలైంది. అప్పటినుంచి నన్ను చూడగానే "కాస్త ఆగండి బాబుగారూ, ఇంకెవరిచేతైనా బోణీ కానివ్వండి" అంటుంది. మా ఆవిడ పడీపడీ నవ్వుతుంది. కూరల బజారంటే ప్రాణమిచ్చే నాకు మాత్రం మనసు చివుక్కుమంటుంది.

ఈ ఏడు శ్రావణంలో ఆఫీసు పని మీద కరీంనగర్ వెళ్లాను. శనివారం తెల్లారేసరికి కాజీపేటలో రైలు దిగి ఆరింటి బస్సెక్కాను. హుజూరాబాద్‌లో పది నిమిషాలు ఆగింది. అక్కడ టీ బాగుంటుంది, వెళ్లేవారు దిగి తాగండి. ఊళ్లో చూడదగ్గవేమిటని పక్క సీటు పెద్దాయనను అడిగాను.

"ఎలగందుల ఖిల్లా ఉన్నది. నన్నడిగితె టవర్ కాడి అంగడి చూడాలె," అన్నాడాయన. అంగడంటే అక్కడ కూరల సంత. నా జాతి మనిషే!

సాయంత్రానికి పని ముగిసింది. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రమే, మగ్గుకే చిల్లు. రాత్రి పక్క హోటల్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టారు. పుంటికూరంటే మన గోంగూరే, కానీ మా ఇంట్లో ఇంత కమ్మగా ఎప్పుడూ కుదరలేదు. ఈ ముక్క మా ఆవిడ చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

ఆదివారం ఆరున్నరకి సంచి పట్టుకుని ఆ గడియారపు టవర్ చేరాను. చుట్టూ గల్లీల్లో గోనెపట్టాలు పరుస్తున్నారు. ఒకచోట మక్క కంకులు, అంటే మన మొక్కజొన్న పొత్తులు, గుట్టపోశారు. ఒక మూల ఒక ముసలమ్మ గంపనిండా బోడకాకరకాయలు పెట్టుకుని కూర్చుంది. ముళ్లముళ్లగా, లేతగా ఉన్నాయి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"తీస్కో కొడుకా, నువ్వే బోని చెయ్యి," అంది.

నేను వెనక్కి తగ్గాను. ఆమె వదల్లేదు. పదకొండు గంటల బస్సుకి తను వేములవాడ పోవాలట. ఇంటివాళ్లంతా ముందే వెళ్లారు. అక్కడి గుళ్లో మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. "గీ గంప అమ్ముడువోతెనే పిల్లకు కొత్త గౌను," అంది.

ఇక దాచలేక చెప్పేశాను. "నా చెయ్యి మంచిది కాదమ్మా. మా ఊళ్లో నాచేత బోణీ చేయించుకోరు."

ఆమె పకపకా నవ్వింది. "మంచిది గాకుంటె గా చేత్తోనే అన్నమెట్ల తింటున్నవ్? జర సంచి పట్టు!"

కిలో కాయలు పోసి, పైన దోసెడు కొసరు వేసింది. నా డబ్బులు కళ్లకద్దుకుంది.

అక్కణ్ణుంచి కమాన్ అనే పెద్ద తోరణం వైపు వెళ్లాను. అక్కడి దుకాణాల్లో ఖర్జూరాలు, వేడివేడి రొట్టెలు చూస్తుండగా ఏడింటికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, సుబ్బమ్మ వాన! ఒక చూరు కింద నిలబడి ఆ గౌను గురించే ఆలోచించాను. తగ్గేదాకా ఆగలేక తడుస్తూనే పరుగెత్తాను. అంగడంతా చెల్లాచెదురైపోయింది. ముసలమ్మ చోట తడిసిన గోనెపట్టా ఒక్కటే ఉంది.

ఆ గౌను డబ్బులేవో నేనే ఇచ్చేద్దామని పదిన్నరకి బస్టాండులో వేములవాడ బస్సు వెతికాను. ముసలమ్మ కిటికీ పక్కనే కనిపించింది. ఒళ్లో గంప, గంపలో కాయలకు బదులు ఎర్ర గౌను.

"నువ్వు అటు పోంగనే వాన దంచికొట్టింది కొడుకా! గంప పట్టుకొని హోటల్ సాయెబు రేకుల కిందికి ఉరికిన. ఇయ్యాల గాయినింట్ల దావత్ అట, గంపకు గంపే కొన్నడు. వాన రాకుంటె గాయిన నాకు యాడ దొరుకు?"

గౌను డబ్బుల కోసం జేబులో పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బస్సు కదులుతుంటే ఆమె తల బయటపెట్టి అరిచింది: "మల్ల ఆయితారం వస్తవా? బోని నీతోనే!"

మధ్యాహ్నం బస్సుకి కాజీపేట, సాయంత్రం రైలు. సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. వెళ్లేవారు ఎలగందుల కోట తప్పక చూడండి, చాలా బాగుంటుందట. నేను చూడలేదు. నా బోణీ కోసం ఎదురుచూసే మనిషిని మాత్రం ఆ ఊళ్లో చూసి వస్తున్నాను.